పోడు ఎవరి మాట?

పోయిన ఏడాది ఇక్కడే ‘పోడు’ అనే మాట మీద ఒక వ్యాసం రాసేను. అందులో రెండు సంగతులు చెప్పేను. ఒకటి, పోడు తెలుగు మాట. రెండు, కాబట్టి మా కకిరిగుమ్మ చుట్టూ ఉన్న ఈ కొండలు ఒకప్పుడు తెలుగువాళ్ళవే. దానికి మెచ్చుకోలు బాగానే వచ్చింది. రాయగడ నుంచీ కోరాపుట్ నుంచీ ఫోన్లు చేసి, "మాస్టారూ, బాగా చెప్పేరు, వాళ్ళకి గట్టిగా తగిలింది" అన్నారు. ఆ ‘వాళ్ళు’ ఎవరని నేను అడగలేదు. పొగుడుతున్నప్పుడు అలాంటి ప్రశ్నలు నోటికి రావు.

ఇప్పుడు రాస్తున్నది ఆ వ్యాసం మీద విమర్శ. అది రాసింది నేనే కాబట్టి తిట్టుకోడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దాంట్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఏ సగం, ఎందుకు అన్నది చెప్తే, మనం మాటల చరిత్ర రాసే పద్ధతిలోనే ఒక తప్పు బయటపడతాది. అందుకని కొంచెం వివరంగా చెప్తాను.

టీ బడ్డీ దగ్గర

మా స్టేషన్ బయట టీ బడ్డీ దగ్గర, నాతో చాలా ఏళ్ళు పనిచేసిన ఒడియా మాస్టారు ఒకాయన కలిసేరు. నా వ్యాసం సంగతి ఎవరో చెప్పేరట. "సార్, పోడు మీదెలా అవుతుంది? మా భాషలో ‘పొడిబా’ అంటే కాల్చడం. అడవి కాల్చి చేసే సాగు కాబట్టి అది పొడు చాస. మా మాట పట్టుకెళ్ళి మీరు దీర్ఘం తగిలించుకున్నారు" అన్నారు.

నేనూరుకుంటానా? "మేం పోడు కొట్టడం అంటామండీ. కాల్చడం తరవాత సంగతి. ముందు చెట్టు నరకాలి కదా" అన్నాను. అరగంట అయ్యింది. టీలు చల్లారిపోయేయి. ఇద్దరం గొంతు పెంచేము.

పక్కన అల్లం బస్తా మీద కూచుని ఒక కోంధ్ ముసలాయన బండి కోసం చూస్తున్నాడు. సంతకి దిగే మనిషి, తెలుగూ దేశియా రెండూ వచ్చు. అంతా విన్నాడు. విని నవ్వేడు. "నరికింది మేము. కాల్చింది మేము. మాట మటుకు మీ ఇద్దరిదీనా బాబూ?"

"మరి మీ మాటేటి తాతా?" అంటే చెప్పేడు. నోటుబుక్కులో రాసుకున్నాను. దాన్ని ఇక్కడ అచ్చు వెయ్యడం లేదు. ఎందుకో చివర్లో చెప్తాను.

రెండు ముక్కల వాదన

ఇంటికొచ్చి నా వ్యాసం మళ్ళీ తీసి చదివేను. నేను చెప్పినవి రెండు వేరు వేరు సంగతులు. వాటిని ‘కాబట్టి’ అనే ఒక్క మాటతో అతికించేను. విడగొట్టి చూద్దాం.

మొదటిది, పోడు తెలుగు మాటేనా? దీనికి కొంత ఆధారం ఉంది. ఖమ్మంలో, ఆదిలాబాదులో పోడు భూములు అంటారు. గోదావరి మన్యంలో కొండరెడ్లు చేసే సాగునీ పోడే అంటారు. 1922లో అల్లూరి సీతారామరాజు లేచినప్పుడు మన్యం జనం కోపానికి కారణాల్లో పోడు మీద పెట్టిన ఆంక్షలూ ఒకటి. ఆదిలాబాదుకి ఒడియా పొరుగు లేదు. కనక తెలుగులో ఈ మాట ఒడియా సాయం లేకుండా బతుకుతోందని చెప్పొచ్చు. పైగా ఒడియా మాట్లాడేటప్పుడు అచ్చుల హ్రస్వ దీర్ఘాలకి మనకున్నంత తేడా ఉండదు. పొడు, పోడు చెవికి దగ్గరగా వినపడినంత మాత్రాన ఒకటి ఇంకోదాని పిల్ల అయిపోదు.

అయితే ఆ ఒడియా మాస్టారి మాట కొట్టి పారెయ్యాల్సిందీ కాదు. పోడులో నరకడమూ ఉంది, కాల్చడమూ ఉంది. తెలుగువాడు ఆ మాట పక్కన ‘కొట్టు’ పెట్టి నరకడం వేపు చూసేడు. ఒడియావాడికి తన ‘పొడిబా’ ఉంది కాబట్టి కాల్చడం వేపు చూసేడు. పక్కింటి మాట మనకి తెలిసిన మాటలా వినపడితే మన అర్థం దానికి తొడిగేస్తాం. అందరూ చేసే పనే.

మేమిద్దరం మర్చిపోయిన మూడో దారి ఒకటుంది, సర్కారు కాయితం. మద్రాసు ప్రెసిడెన్సీ అడవి, రెవెన్యూ అధికార్లు ఇంగ్లీషు రిపోర్టుల్లో పోడు అనే రాసేవారు. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజెటీర్‌లో ఈ కొండల సాగు గురించి చెప్తూ ఆ మాటే వాడేడు. ఫారెస్టు గార్డు కేసు రాస్తే అందులో పోడు, అమీను లెక్క కడితే అందులో పోడు. ఒక మాట ఊరూరా తిరగడానికి జనం వలస వెళ్ళక్కర్లేదు. కేసు కాయితం వెళ్తే చాలు.

కాబట్టి మొదటి సగం మీద నా మాట ఇది: తెలుగులో పోడు సొంత కాళ్ళ మీద నిలబడే మాటలాగే ఉంది. అక్కడ నిలబడతాను.

రెండో సగం కూలిపోయింది. మాట తెలుగుదైతే నేల తెలుగుదెలా అవుతాది? నా వ్యాసంలో దానికి ఒక్క ఆధారమూ లేదు. ఉన్నది ‘కాబట్టి’ ఒక్కటే. ఆ లెక్కన ‘అమీను’ అరబ్బీ మాట. అమీను గొలుసు పట్టుకుని కొలిచిన నేలంతా అరబ్బులదా? ‘స్టేషన్’ ఇంగ్లీషు మాట. మా ఊరికి రైలొచ్చింది 1990లలో. స్వాతంత్ర్యం వచ్చిన యాభై ఏళ్ళకి ఈ ఊరు ఇంగ్లీషువాళ్ళది అయిపోయిందా?

ఊరి పేరు సంగతీ ఇలాంటిదే. కకిరిగుమ్మలో గుమ్మ ఉంది కాబట్టి అది మన ‘గుమ్మం’, కొండలకి ద్వారబంధం లాంటి చోటు కాబట్టి ఆ పేరు అని చిన్నప్పట్నించీ వింటున్నాను. వినడానికి బాగుంటాది. మరి జయపూర్ దాటితే బొరిగుమ్మ ఉంది. గజపతి జిల్లాలో ఉత్త గుమ్మ అనే ఊరే ఉంది. ఆ మూడు చోట్లకీ సరిపడే వివరణ ఇస్తే ఒప్పుకుందాం. ఒక్క మా ఊరికి సరిపోయి మిగతా రెండిటి దగ్గర నోరు మూసుకునే వివరణ వివరణ కాదు, ముచ్చట. ఇక ‘కకిరి’ని ఎవరికి నచ్చినట్టు వాళ్ళు లాక్కుంటున్నారు. ఒకడికి అది కాకర, ఇంకొకడికి కాకి. చుట్టూ కువి, గదబ, పరజ, దేశియా మాట్లాడే ఊళ్ళున్నాయి. వాళ్ళని అడక్కుండా తెలుగు నిఘంటువు విప్పడం, పక్క గదిలో పోయిన తాళం చెవిని దీపం ఉంది కదా అని వీధిలో వెతకడం లాంటిది.

మనకి నచ్చిన కబుర్లు

నాకు ఇంత గుడ్డి నమ్మకం ఎక్కణ్ణించి వచ్చింది? ఒక్కరోజులో రాలేదు. మన ఫోన్లలో రోజూ తిరిగే కబుర్లు చూడండి.

మా మావయ్య ప్రతి ఆగస్టు 29కీ పంపుతాడు: తెలుగు మాట్లాడితే ఒంట్లో 72,000 నాడులు కదుల్తాయట, శాస్త్రవేత్తలు తేల్చేరట. ఏ శాస్త్రవేత్తలు, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం? ఉండదు. ఆ 72,000 మాత్రం నాకు తెలుసు. హఠయోగ గ్రంథాల్లో నాడుల లెక్క అది. ఎవరో అక్కడి అంకె తెచ్చి ఇక్కడ భాషకి కట్టేరు. అడిగితే మావయ్య, "నీకు తెలుగంటే అభిమానం లేదేటిరా?" అన్నాడు. అడిగింది నాడుల గురించి, జవాబు అభిమానం గురించి.

రెండోది, తెలుగు ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అని పదిహేనో శతాబ్దంలో నికోలో కాంటి అన్నాడన్నది. కాంటి వెనిస్ వర్తకుడు, విజయనగరం చూసినవాడు. ఆయన చెప్పిందాన్ని పోజ్జో అనే పండితుడు లాటిన్‌లో రాసేడు. ఇంగ్లీషు అనువాదం 1857లో వచ్చింది. పెద్దది కాదు, ఒక పూట చదువు. ఈ మాట కోసమే చదివేను. నాకు కనపడలేదు. మీకు కనపడితే పేజీ నంబరు చెప్పండి, ఇక్కడే దిద్దుకుంటాను.

సరే, ఎవరన్నారో వదిలేద్దాం. అందులో సంగతేటి? తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, ఇటాలియన్ మాటలూ అలాగే. నిజమే. కానీ మనం ఎక్కడ కూచుని చెప్తున్నాం? ఒడిశాలో. హిందీవాడు ‘ఘర్’ అంటే ఒడియావాడు ‘ఘరొ’ అంటాడు. ‘హాథ్’ని ‘హాతొ’ అంటాడు. చివరి అచ్చు మింగకపోవడం ఒడియాకి పెద్ద గుర్తు. అచ్చుతో ముగిస్తేనే తీపి అయితే మన పక్కింటివాడిదీ తీపే కదా! అదే మనం ఏం చేస్తాం? "ప్రతి మాటకీ చివర ఒ తగిలిస్తారు" అని వెక్కిరిస్తాం. ఒక్క గుణమే మన నోట్లో ఉంటే ఇటలీ, వాళ్ళ నోట్లో ఉంటే నవ్వులాట.

మూడోది, తెలుగు ప్రపంచంలో రెండో గొప్ప లిపి అని. దీని వెనక జరిగిన సంగతి ఒకటుంది. 2012 అక్టోబరులో బ్యాంకాక్‌లో లిపుల పోటీ పెట్టేరు. పెట్టింది కొరియావాళ్ళు. మొదటి బహుమతి కొరియా లిపికి వచ్చింది, రెండోది తెలుగుకి, మూడోది ఇంగ్లీషుకి. ఎవరు పెట్టిన పోటీలో ఎవరికి మొదటి బహుమతి వచ్చిందో చూస్తే ఎంత బరువివ్వాలో తెలుస్తాది. అదీ కాక బహుమతి లిపికి, భాషకి కాదు. మా నాయనమ్మకి ఒక్క అక్షరం రాదు. ఆవిడ మాట్లాడిన తెలుగులో వందో వంతు నాకు రాదు.

ఈ మూడు కబుర్లూ ఒకే అచ్చులో పోసినవి. మనని పొగుడుతాయి. బయటివాడి సాక్ష్యం తెస్తాయి. అడిగితే ద్రోహి అంటాయి. నా పోడు వ్యాసమూ ఆ అచ్చులోదే. తేడా అల్లా, నేను రెండు పుస్తకాల పేర్లు కూడా పెట్టేను.

పైన వంగి, కింద లేచి

ఇంతవరకు మన గొప్ప గురించి నమ్మకాలు. మన తక్కువ గురించీ ఒక నమ్మకం ఉంది. అదీ అంతే గట్టిగా పాతుకుంది: మన ఇక్కడి తెలుగు చెడిపోయిన తెలుగు, ఒడియా కలిసి పాడైపోయింది.

విశాఖలో చదువుకోడానికి వెళ్ళిన మన పిల్లలు ఈ మాట నోటకరుచుకుని వస్తారు. "ఏటి" అంటే అక్కడ నవ్వేరట. ఆ విశాఖ పిల్లలు విజయవాడ వెళ్తే వాళ్ళ "ఏటి" చూసీ నవ్వుతారు. సినిమాలో హాస్యగాడికి శ్రీకాకుళం యాస పెట్టడం మనందరికీ తెలిసిన ముచ్చటే. నవ్వేవాడికి ఇంకా పైన నవ్వేవాడు ఒకడుంటాడు.

రెండు మాటలు తీసుకుని చూద్దాం. చోళ్ళు. కళింగాంధ్రలో చోళ్ళంటాం, చోడి అంబలి అంటాం. తెలంగాణలో తైదలు. బడి పుస్తకంలో రాగులు. ఒడియాలో మాండియా. మా వీధిలో చాలా ఇళ్ళలో ఇప్పుడు మాండియా అనే అంటున్నారు. రేషను దగ్గరా సంతలోనూ ఆ పేరే నడుస్తోంది మరి. ఏటా నవంబరు 10న మాండియా దిబస్ కూడా జరుపుతున్నారు. ఇది చెడిపోవడమా? చోళ్ళని తైదలంటే మాండలికం, మాండియా అంటే కల్తీ అన్న తీర్పు ఎవరిచ్చేరు? తైదలకీ మాండియాకీ మధ్య ఉన్న తేడా రాష్ట్ర సరిహద్దు ఒక్కటే.

ఇంకోటి ‘అప్ప’. మేం అక్కని అప్ప అంటాం. ఒడియాలోనూ అక్క ‘అపా’యే. ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందని ఇక్కడ చాలా కొట్లాటలు చూసేను. కొట్లాడేవాళ్ళెవరూ, కన్నడంలో అప్ప అంటే తండ్రి అన్న సంగతి లెక్కలోకి తీసుకోరు. చుట్టరికం మాటలు పసిపిల్లల నోట్లో పుడతాయి. అమ్మ, అప్ప, నాన్న, ఇవన్నీ పెదవులతోనో నాలిక కొసతోనో తేలిగ్గా పలికేవి. లోకంలో చుట్టరికం లేని భాషల్లో కూడా ఇలాంటివి కలుస్తాయి. రెండు భాషల్లో అప్ప ఉన్నంతలో దొంగ ఎవరని వెతకక్కర్లేదు.

నన్ను ఎక్కువ సిగ్గుపెట్టింది వేరే ఉంది. విజయవాడవాళ్ళ ముందు మన యాస దాచుకునే మనమే, కొండ మీంచి దిగిన కోంధ్ మనిషి నోట్లో తెలుగు మాట కాస్త వంకర పోతే పగలబడి నవ్వుతాం. అతని భాష ‘భాషే కాదు’ అంటాం. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఏం తేల్చేరో చూడండి. ద్రావిడ భాషల్లో తెలుగుకి దగ్గర చుట్టాలు తమిళమూ కన్నడమూ కావు. గోండి, కొండ (కూబి), కుయి, కువి, పెంగో, మండ. ఇవన్నీ తెలుగుతో కలిసి ఒకే కొమ్మ. కొండ భాష మీద ఆయన 1969లో పుస్తకమే వేసేరు. అంటే మా స్టేషన్ దగ్గర అల్లం బస్తా మీద కూచున్న ముసలాయన భాష, మద్రాసులో కూచున్న పండితుడి తమిళం కంటే మనకి దగ్గరది. అన్నదమ్ముల బిడ్డని గుర్తుపట్టక, ఇటలీవాడు చుట్టమని చెప్పుకు తిరుగుతున్నాం.

జనాభా లెక్క, సరిహద్దు రాయి

మాటని పట్టాలాగా వాడే అలవాటు మనకి ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. ఊరికే రాలేదు.

1936 దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో, జయపూర్ జమీ కింద ఉండేది. 1931లో ఓడొనెల్ కమిటీని వేసేరు. ఒడియా మాట్లాడే ప్రాంతాలకి సరిహద్దు గియ్యడం దాని పని. అదే ఏడు జనాభా లెక్కలు. ఎవడి ఇంటి భాష ఏదన్న దాని మీద జిల్లా ఎటు పోతాదో తేలుతాది కాబట్టి, లెక్క రాసేవాడు మన మనిషా వాళ్ళ మనిషా అని రెండు పక్షాలూ ఆరోపణలు చేసుకున్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది, మనం అటు వెళ్ళేం. అప్పణ్ణించీ మన ఇళ్ళలో ప్రతి తెలుగు మాటా ఒక సాక్షి అయి కూచుంది.

ఆ కోపంలో నిజం లేదనను. మన నష్టం ఒకటి కచ్చితంగా చూపించగలను. గ్రియర్సన్ చేసిన భారతీయ భాషల సర్వే మద్రాసు ప్రెసిడెన్సీని వదిలేసింది. అప్పుడు మనం మద్రాసులో ఉన్నాం కాబట్టి జారిపోయేం. తరవాత కృష్ణమూర్తిగారు ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నీ తిరిగి మాటలు సేకరింపజేసి, 1962లో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం తెచ్చేరు. శ్రీకాకుళం, విశాఖపట్నం కలిపి తూర్పు మండలం అన్నారు. అప్పటికి మనం ఒడిశాలో ఉన్నాం కాబట్టి మళ్ళీ జారిపోయేం. రెండు పెద్ద పన్లు, రెండిట్లోనూ మన ఊళ్ళు లేవు. ఈ ఖాళీలోకే నాబోటిగాళ్ళు ఊహలు తెచ్చి పోస్తున్నారు.

మాట పట్టా అయితే ఏం జరుగుతాదో కొటియాలో చూడొచ్చు. సాలూరుకీ పొట్టంగికీ నడుమ 21 ఊళ్ళు. రెండు రాష్ట్రాలూ మావే అంటాయి. 1968లో సుప్రీంకోర్టుకి వెళ్ళేరు. 2006లో కోర్టు ఆ దావా చెల్లదంది, ఉన్నది ఉన్నట్టు ఉంచమంది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్ళీ కోర్టుకెక్కింది. అక్కడి జనం రెండు వేపుల కార్డులూ దాచుకుంటారు. బతుకుతెరువు తెలిసినవాళ్ళు. ఒకడు తెలుగు బోర్డు పెడతాడు, ఇంకొకడు ఒడియా బోర్డు పెడతాడు. అక్కడ ఎక్కువమంది కోంధ్‌లు. వాళ్ళ భాషలో బోర్డు పెట్టాలని రెండు పక్షాల్లో ఎవరికీ తోచలేదు. టీ బడ్డీ దగ్గర మేమిద్దరం చేసిందీ అదే, కాకపోతే కోర్టు లేదు.

పక్షం ఉన్నా పని చేసినవాళ్ళు లేకపోలేదు. గిడుగు రామమూర్తిగారికి పక్షం లేదా? పర్లాకిమిడి ఒడిశాలో కలిస్తే, అంతకాలం బతికిన ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయేరు. అంత పట్టుదల. కానీ ఆయన ఏళ్ళ తరబడి నేర్చుకుని రాసింది సవర భాష. 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు. సవర తెలుగుకి చుట్టం కూడా కాదు, ముండా కుటుంబం. సవర మాట తెలుగు అని నిరూపించడానికి ఆయన సవర నేర్చుకోలేదు. జయపూర్ మహారాజు విక్రమదేవ వర్మ ఒడియాలోనూ రాసేరు, తెలుగులోనూ రాసేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చేరు. మనవాళ్ళు ఆయన్ని తెలుగు కవి అంటారు, వాళ్ళు ఒడియా కవి అంటారు. మనిషిని నిలువునా కోసి చెరో ముక్కా పట్టుకుంటే ఎవరి దగ్గరా మనిషుండడు.

గుట్టు విప్పడం ద్రోహమా

ఈ వ్యాసం చిత్తు ప్రతి ఇద్దరు మిత్రులకి చూపించేను. ఒకాయన వద్దన్నారు. "మాస్టారూ, మీరు చెప్పింది తప్పని నేననను. కానీ ఇప్పుడెందుకు? మన పిల్లలకి తెలుగు చెప్పే పంతుళ్ళు లేరు. తెలుగు చదివే ఇళ్ళు తగ్గిపోతున్నాయి. ఇలాంటప్పుడు మనమే మన చేతిలో కర్ర కింద పారేస్తే ఎలా?"

ఇది తేలిక ప్రశ్న కాదు. నా మనవరాలు తెలుగు చక్కగా మాట్లాడతాది, చదవలేదు. ఈ వ్యాసం తనకి నేనే చదివి వినిపించాలి. ఆయన భయం నా ఇంట్లో కూడా ఉంది.

అయినా ఆయన మాట ఒప్పుకోలేను. ఎందుకంటే ఆ కర్ర పుల్లది. మన పిల్లకి తెలుగు క్లాసు కావాలంటే, ఈ కొండలు వెయ్యేళ్ళ కిందట మనవేనని చూపించాలా? అక్కర్లేదు. రాజ్యాంగంలో 350-ఏ అధికరణ ఉంది, 1956లో చేర్చేరు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక చదువు తల్లి భాషలో అందేలా చూడమంటాది. ముందెవరొచ్చేరని అందులో అడగరు. నిన్న వచ్చిన ఇంటి పిల్లకీ ఆ మాట వర్తిస్తాది. మనం మాత్రం ఆ కాయితం పట్టుకుని ఆఫీసుకి వెళ్ళం. 72,000 నాడులు పట్టుకుని ఒకరికొకరం పంపించుకుంటాం. ‘ముందు మేం వచ్చేం’ అన్న వాదన పెట్టుకుంటే, ఎదటివాడు ఒక్క మాట వేరే అని చూపించిన రోజున మన క్లాసూ పోతాది. హక్కుని పుకారుకి కట్టకూడదు.

ఆ అధికరణే కువి పిల్లకీ వర్తిస్తాది. ఒడిశాలో 2006-07 నుంచి కొన్ని బళ్ళలో ఆదివాసీ భాషల్లో మొదటి తరగతుల చదువు మొదలుపెట్టేరు. అందులో కువి ఉంది. మన తెలుగు క్లాసు అడిగేటప్పుడు ఆ పిల్లల మాట కూడా పక్కన పెట్టుకుని అడిగితే, మన గొంతు తగ్గదు, పెరుగుతాది.

ఆ మిత్రుడికి ఇదే చెప్పేను. పూర్తిగా ఒప్పుకోలేదు. "మీ పేరు చెడిపోతాది" అన్నారు. పోయిన ఏడాది వచ్చిన పేరు ఎలా వచ్చిందో నాకు తెలుసు కాబట్టి, పోతే పోనీ అనుకున్నాను.

పాత వ్యాసంలో చేస్తున్న మార్పు

ఇక పని సంగతి. ఒక మాట మనదని రాసేముందు నాలుగు అడగాలని పెట్టుకున్నాను. ఈ మాట ఎవరి నోట విన్నాను, ఏ ఊళ్ళో? ఆ పొరుగు లేని చోట కూడా ఈ మాట ఉందా? చుట్టుపక్కల భాషలవాళ్ళు ఆ వస్తువునే ఏమంటారు? అచ్చం ఇంతే ఆధారంతో ఒడియావాడు తన మాటేనంటే నేను ఒప్పుకుంటానా? నాలుగోది రోజూ గుచ్చుకునే ప్రశ్న. ఒప్పుకోనంటే, నా ఆధారం ఆధారం కాదు, చుట్టరికం.

కోంధ్ ముసలాయన చెప్పిన మాట అచ్చెయ్యకపోవడానికి కారణం కూడా ఇదే. ఒక్క మనిషి, ఒక్క ఊరు, రైలు హారన్ మధ్య ఒక్కసారి విన్నాను. అది వెంటనే వేసేస్తే, ఈసారి కోంధ్‌ల తరఫున అదే తప్పు చేసినవాణ్ణవుతాను. లక్ష్మీపూర్ వేపు మూడు ఊళ్ళు వెళ్ళి, ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ విడివిడిగా అడిగి, అప్పుడు వేస్తాను. మీలో ఎవరి ఇంటి పక్కనైనా కువి బాగా మాట్లాడేవాళ్ళుంటే, నరికిన నేలకీ, కాల్చిన నేలకీ, మొదటి పంట వేసిన నేలకీ, బీడు వదిలిన నేలకీ వాళ్ళు ఏమేం అంటారో అడిగి పంపండి. ఊరి పేరు, చెప్పినవారి వయసు తప్పకుండా రాయండి. మనుషుల పేర్లు వద్దు.

పోయిన ఏడాది వ్యాసాన్ని తీసెయ్యడం లేదు. తప్పు కనపడుతూ ఉండాలి. చివరి పేరాలో "కాబట్టి ఈ కొండలు ఒకప్పుడు తెలుగువాళ్ళవే" అన్న వాక్యం మీద గీత పెట్టి, కింద ఇది చేర్చేను: "పోడు అనే మాట తెలుగులో చాలా చోట్ల ఉంది. ఒడియాలో దాన్ని కాల్చడంతో కలిపి చెప్తారు. మా ఊరి చుట్టూ పోడు చేసేవాళ్ళు ఎక్కువమంది కోంధ్‌లు, పరజలు. వాళ్ళ మాటలు ఇంకా సేకరించాలి."

ఒడియా మాస్టారికి ఇది చదివి వినిపించేను. రెండో వాక్యం ఇంకాస్త గట్టిగా ఉండాలన్నారు. ఆధారం తెమ్మన్నాను. తెస్తానన్నారు. చూడాలి.